ఒరిగిన కిరీటం

గదిని ఆవిరితో వెచ్చబెట్టే ఇనుప రేడియేటర్ పక్కన, పైపు నేలలోకి దిగే చోట వేలు దూరేంత సందు ఉంది. కింది ఇంటి ముందుగదిలోని మాటలు ఆ సందులోంచి పైకి వస్తాయి. ఇదలీనా అక్కడే మోకరించి, కింద ఆడవాళ్ళు చెబుతున్న జపమాలకు పైనుంచే గొంతు కలుపుతోంది. లోపలి గదిలో కూతురు లూర్దెస్‌కు గవదబిళ్ళలు. దవడలు రెండూ ఉబ్బి, తలకు రుమాలు కట్టుకుని పడుకుంది. పిల్లను ఒంటరిగా వదిలి కిందికి వెళ్ళడానికి లేదు. వెంటబెట్టుకు వెళితే వీధిలో పిల్లలందరికీ అంటుకుంటుంది.

కింద కిరీటం ఉంది. ఈస్టర్ వెళ్ళాక పవిత్రాత్మ కిరీటం వారానికొక ఇంట్లో ఉంటుంది, ఆ వారం రోజూ సాయంత్రం ఏడింటికి ఆ ఇంట్లో ప్రార్థన జరుగుతుంది. ఈ ఏడు చీట్లు తీస్తే మొదటి వారం ఇంటి యజమానురాలు బెర్నార్దాకు, రెండో వారం పై వాటాలో అద్దెకున్న ఇదలీనాకు వచ్చాయి. జనవరిలో ఇదలీనా భర్త గ్వాల్తెర్ పడవ మీది మంచులో జారి సముద్రంలో పడ్డాడు. ప్రాణాలతో తిరిగొస్తే కిరీటాన్ని ఇంట్లో నిలుపుకుంటానని ఆమె రేవులో నిలబడి మొక్కుకుంది. వచ్చాడు. ఇప్పుడు మళ్ళీ సముద్రం మీదే ఉన్నాడు.

"దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము..." కింద ప్రార్థన నడిపిస్తున్న ఫిలొమెనా గొంతు సాగింది.

అప్పుడు మోగింది. ఠంగ్. ఠంగ్. ఆ వెంటనే మరొకటి, ఇంకా గట్టిగా. ఎవరో పైపును సుత్తితో కొట్టినట్టే ఉంది. ఇదలీనా మోకాళ్ళ కింద నేల అదిరింది. కింద ప్రార్థన ఆగిపోయింది.

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఈ వీధి ఇళ్ళలో పైవాళ్ళకు చలేస్తే చెంచాతో పైపు మీద కొడతారు. పైవాళ్ళు గోల చేస్తే కిందివాళ్ళు కొడతారు. గుమ్మం దాకా వెళ్ళి అడిగే పని ఉండదు. తన గొంతు కిందికి వినిపించి ఉంటుంది. నోరు మూసుకోమని కొట్టారు.

దేవుడి పేరు పైనుంచి పలికినా తప్పేనా? ఇదలీనా జపమాల జేబులో వేసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది. గోడ అవతల పైపు ఇంకోసారి మోగింది. తాను నోరు మూసుకున్నాక కూడా ఎందుకు కొడుతున్నారో ఆమెకు అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున వెనక మెట్ల మీద బెర్నార్దా ఎదురైంది. చేతిలో చెత్తబుట్ట ఉంది. ఇదలీనా నోరు తెరిచేలోపే ఆవిడ అందుకుంది.

"ఏమ్మా, రాత్రి నీకు చలేసిందా?"

"లేదు, దోనా బెర్నార్దా. ఎందుకలా అడుగుతున్నారు?"

"చలేస్తే చెప్పొచ్చుగా. ఇంటినిండా జనం మోకాళ్ళ మీద ఉంటే పైపు పగిలేలా కొట్టడమెందుకు? ఫిలొమెనా చేతిలో జపమాల జారిపడింది."

"నేనా? కొట్టింది మీరు కదా! నేను గట్టిగా చెబుతున్నానని కొట్టారనుకున్నాను."

బెర్నార్దా బుట్ట కింద పెట్టి నవ్వింది. "బాగుంది. నా ఇంట్లో కిరీటం పెట్టుకుని, నా ప్రార్థనకు నేనే అడ్డం పడతానా? జనవరిలో పొద్దస్తమానం చెంచా వాయించిందెవరు?"

"అప్పుడు ఆయన చలికి గడ్డకట్టుకుపోయి వచ్చాడు. పళ్ళు టకటకలాడుతుంటే వేడి పెంచమని కొట్టాను. అంతే."

"చెయ్యి అలవాటు పడితే ఊరుకోదు మరి." ఆవిడ బుట్ట ఎత్తుకుంది. "మా ఆయన ఎర్మీనియో రసమట్టం పెట్టి కట్టాడు కిరీటానికి పీఠం. గాజులో బుడగ గీతల మధ్య నుంచి కదిలితే ఒట్టు. అంత ముచ్చటగా చేసుకుంటే ఓర్వలేని వాళ్ళు ఇదే ఇంట్లో ఉన్నారు. పైగా పిల్లకు గవదబిళ్ళలట. ఎవరు చూశారు?"

ఇదలీనా లోపలికి వెళ్ళి, లూర్దెస్ దవడల మీది రుమాలు విప్పి చూసింది, తనకే అనుమానం వచ్చినట్టు. దవడలు ఉబ్బే ఉన్నాయి.

ఆ సాయంత్రం ఆమె ముందుగదిలోకి అడుగు పెట్టలేదు. వంటగదిలో కేల్ ఆకు సన్నగా తరుగుతూ కూర్చుంది. ఏడయ్యేసరికి కింద వీధి తలుపు తెరుచుకోవడం, మూసుకోవడం వినిపించింది. కుర్చీలు జరిగాయి. పాట మొదలైంది. పాట ముగిసీ ముగియకముందే ముందుగది పైపు మోగింది. కత్తి ఆమె చేతిలో ఆగింది.

తాను కాదు. కాబట్టి వాళ్ళే. ఆమె ఆకు తరుగుతూ ఆలోచించింది. బెర్నార్దా చెల్లెలు సెంటర్ వీధిలో ఉంటుంది, చీటీ రాలేదని ఏడ్చింది. పైవాటా దాన్ని చెడ్డదాన్ని చేస్తే ఆ వారం చెల్లెలికి పోతుంది. ఎర్మీనియో ప్రార్థనలో కనిపించడు, కాళ్ళ నొప్పులంటాడు. నేలమాళిగలో పైపులన్నీ చేతికందేలా ఉంటాయి. ఇవన్నీ మనసులో ఒకదానికొకటి అతుక్కుంటున్న కొద్దీ ఆమె తరిగే ఆకు ముక్కలు పెద్దవయ్యాయి.

బుధవారం లూర్దెస్‌కు జ్వరం తగ్గింది. "కాసేపు కదలకుండా పడుకో, ఇప్పుడే వస్తా," అని చెప్పి, కింద పాట మొదలవగానే ఇదలీనా చెప్పులు చేత్తో పట్టుకుని వెనక మెట్లు దిగింది. నేలమాళిగ తలుపు చప్పుడు కాకుండా తోసింది.

లోపల ఎవరూ లేరు. జనం వచ్చే ముందు ఇల్లు వెచ్చబడాలని బెర్నార్దా వేడి పెంచినట్టుంది, బాయిలర్ గుర్రుమంటోంది. దాని తల మీంచి లావుపాటి పైపు బయల్దేరి గోడ వెంట పోయింది. గుడ్డలు చుట్టిన ఆ పైపు కింద ఎర్మీనియో లేడు, సుత్తి లేదు, ఉప్పు చేపల పీపా మాత్రం ఉంది. ఆమె పీపా వెనక కూడా చూసింది.

నెత్తి మీద ఠంగ్‌మంది.

ఆమె పైకి చూసింది. చప్పుడు ముందుగది వైపు నుంచి వచ్చింది, అంతే తెలిసింది. ఇంకోటి. పైపు మీది దుమ్ము కొంచెం రాలింది. ఆమె గబగబా మెట్లెక్కేసరికి పైన దారికి అడ్డంగా ఫిలొమెనా నిలబడి ఉంది. ఉత్సవం నడిపే పెద్దమనిషికి భార్య. కిరీటం ఏ ఇంటికి ఎలా వెళ్ళాలో ఆవిడ మాట మీదే నడుస్తుంది.

"ఎక్కడి నుంచమ్మా?" అంది ఫిలొమెనా.

"నేలమాళిగలో... చూద్దామని..."

"చెప్పులు చేత్తో పట్టుకుని చూస్తారా?"

ఇదలీనా చెప్పులు కింద పెట్టింది. అప్పుడు తొడుక్కోవడం ఇంకా దొంగతనంలా అనిపించి, పెట్టినవి మళ్ళీ తీసుకుంది. ఫిలొమెనా ఆ చెప్పుల వంక చూస్తూనే పక్కకు తప్పుకుంది. ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

గురువారం పైపుల మేస్త్రీ తేరియో వచ్చాడు. ఇదలీనా నేలమాళిగ తొట్టిలో దుప్పట్లు పిండుతోంది. ఆమెను చూసి కూడా బెర్నార్దా, ఫిలొమెనా చూడనట్టే మేస్త్రీ వెనక నిలబడ్డారు. ఆయన చిన్న నిచ్చెన ఎక్కి, పైపు మీది గుడ్డ తొలగించి, రసమట్టం ఆనించి చూశాడు. కొంత జరిగి మళ్ళీ ఆనించాడు. ప్రతి కొక్కెం దగ్గరా ఆగాడు.

"వాలు బాగానే ఉంది, మేడమ్. ఆవిరి వెళ్ళి చల్లబడితే నీరవుతుంది. ఆ నీరు ఎక్కడా నిలవకుండా బాయిలర్‌కి జారి రావాలి. ఇక్కడ జారుతోంది." నిచ్చెన దిగి చేతులు తుడుచుకున్నాడు. "గదుల్లో రేడియేటర్లు కూడా చూడమంటారా?"

"ముందుగదిలోదా? అదెలా కుదురుతుంది?" అంది బెర్నార్దా. "దాని మీదే పీఠం కట్టాం. గుడ్డలన్నీ కుచ్చిళ్ళు పెట్టి గుండుసూదులు గుచ్చాం. కిరీటం ఉన్నంతసేపు ఒక్క సూది తీసేది లేదు."

"మీ ఇష్టం. ఈ పైపుల్లో మాత్రం తప్పు లేదు."

"ఇంకేం, వదినా," అంది ఫిలొమెనా. "ఇనుము కాదంటే మనిషే. ఇనుముకి ఏడింటికే మోగాలని ఎలా తెలుస్తుంది?"

ఇదలీనా దుప్పటి మెలి తిప్పుతోంది. నీళ్ళు మోచేతుల మీదుగా కారుతున్నాయి. "నన్ను ఉద్దేశించే అంటుంటే నా మొహం చూసి అనండి," అంది.

"గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది," అంది ఫిలొమెనా, ఆమె మొహం చూడకుండానే. "నిన్న ఇక్కడికెందుకొచ్చావో నువ్వే చెప్పు. శనివారం దాకా చూస్తాం. ఆ తరవాత కిరీటం ఎక్కడికి వెళ్ళాలో మా ఆయన చెబుతాడు. తగువులున్న ఇంటికి అది వెళ్ళకూడదు."

"చీటీ నాకొచ్చింది."

"చీటీ వచ్చింది. చెయ్యి బాగుండాలిగా."

తనతో ఇంగ్లీషులో మాట్లాడినా, వాళ్ళు తమలో తాము మాట్లాడుకునే భాష తేరియోకు రాదు. ఆడవాళ్ళ మొహాలు చూసి, రసమట్టం సంచిలో పెట్టుకుని, త్వరగా వెళ్ళిపోయాడు.

శుక్రవారం పొద్దున ఇదలీనా ముందుగది ఖాళీ చేసింది. కిరీటం వస్తుందో రాదో తెలియదు. రాదనుకుని ఊరుకుంటే తప్పు ఒప్పుకున్నట్టు ఉంటుంది. నేల కడిగింది. రెండు కిటికీల మధ్య గోడ తప్ప పీఠానికి వేరే చోటు లేదు, అక్కడ రేడియేటర్ ఉంది. గ్వాల్తెర్ దాచిన వెడల్పాటి పలకను దాని మీద అడ్డంగా పెట్టి, తన పెళ్ళినాటి తెల్ల దుప్పటి పరిచింది. గాజు గ్లాసులో నీళ్ళు పోసి రెండు కార్నేషన్ పూలు పెట్టింది.

గ్లాసులో నీళ్ళు ఒక పక్కకు ఎక్కి ఉన్నాయి.

ఆమె తల వంచి చూసింది. దూరంగా నిలబడి చూసింది. పలక, పైపు వచ్చి రేడియేటర్‌లో కలిసే వాల్వ్ ఉన్న వైపుకు ఒరిగింది. కిరీటం ఇలా ఒరిగి నిలబడితే, అది కూడా పైవాటా బుద్ధిలాగే ఉందంటారు. ఆమె కింద పడుకుని చూస్తే తెలిసింది. రేడియేటర్‌కి అవతలి చివర కాళ్ళ కింద ఎవరో చెక్క ముక్కలు దోపారు. రేడియేటర్‌తోపాటే వాటికీ ఎన్నోసార్లు వెండి రంగు వేశారు. ఇన్నేళ్ళుగా వాటి చుట్టూ తుడుస్తూనే ఉంది, ఎందుకున్నాయో ఎప్పుడూ ఆలోచించలేదు. ఎవడో నేల చదును చేయలేని బద్ధకస్తుడి పని అనుకుని, సుత్తితో కొట్టి వాటిని బయటికి తీసి ఏప్రన్ జేబులో వేసుకుంది. గ్లాసులో నీళ్ళు సరిగ్గా నిలబడ్డాయి.

మధ్యాహ్నమంతా ఆమె దుప్పటికి కుచ్చిళ్ళు పెట్టింది. గుండుసూదులు చాలలేదు. పెదాల మధ్య చిన్న మేకులు బిగించి, ఒక్కొక్కటే పలక అంచుకు కొడుతూ వచ్చింది. లూర్దెస్ మంచం దిగొచ్చి గుమ్మంలో కూర్చుని దారప్పోగులు ఏరుతోంది. కింద బాయిలర్ గుర్రుమంది. బెర్నార్దా సాయంత్రానికి ఇల్లు వెచ్చబెడుతోంది. పైపు వేడెక్కి చిటపటలాడింది. ఆవిరి బుస్సుమంటూ పైకొచ్చింది.

ఠంగ్.

ఇదలీనా నోట్లోంచి మేకులు రాలిపడ్డాయి. పలక అదిరి పూల గ్లాసు దొర్లింది. ఇంకోటి మోగింది, ఆమె మోచేతి పక్కనే. మెట్ల మీద అడుగులు. తలుపు కొట్టకుండానే బెర్నార్దా లోపలికొచ్చింది. పిండి చేతులు, ఎర్రబడిన మొహం.

"దొరికావా! ఇవాళ ఏడు దాకా కూడా ఆగలేకపోయావా?"

ఇదలీనా చేతిలో సుత్తి ఉంది. దాన్ని ఏం చెయ్యాలో ఆమెకు తోచలేదు. కింద పెడితే దాచినట్టు ఉంటుంది, పట్టుకుంటే కొట్టినట్టు ఉంటుంది. అలాగే గాలిలో పట్టుకుని నిలబడింది.

"సుత్తి చేతిలో పెట్టుకుని ఇంకా బుకాయిస్తావా? పాపం పిల్ల చూస్తోంది, సిగ్గు లేదూ! నేనే వెళ్ళి ఫిలొమెనాని..."

ఠంగ్.

ఇద్దరూ రేడియేటర్ వంక చూశారు. సుత్తి కదల్లేదు. బెర్నార్దా సుత్తిని చూసింది, ఆ చేతిని చూసింది, మళ్ళీ ఇనుమును చూసింది. అది ఇంకోసారి మోగింది, లోపల ఎవరో బంధించినవాళ్ళు తన్నుతున్నట్టు.

"అమ్మ కొట్టట్లేదు," అంది గుమ్మంలోంచి లూర్దెస్, ఉబ్బిన దవడల మధ్య నుంచి. "అదే కొట్టుకుంటోంది."

ఇదలీనా ఏప్రన్ జేబులో చెయ్యి పెట్టింది. చెక్క ముక్కలు వేళ్ళకు తగిలాయి. తేరియో నిచ్చెన మీద నిలబడి అన్న మాట గుర్తొచ్చింది. నీరు నిలవకుండా జారాలి.

"పొద్దున ఇవి తీశాను," అంది. "కిరీటం ఒరగకూడదని. పొద్దుటిదాకా ఈ గదిలో ఇది ఎప్పుడూ ఇలా మోగలేదు."

బెర్నార్దా వెండి రంగు చెక్కలను చూసింది. ఆవిడ మొహంలో ఎరుపు మెడ దాకా దిగి, తరవాత మాయమైపోయింది. ఏదో అడగబోయి మానేసింది. ఇదలీనాకు ఆ మానేసిన మాట ఏమిటో అప్పుడే అర్థమైంది. కింద కూడా ఒక పీఠం ఉంది, రసమట్టం పెట్టి కట్టినది.

"ఎత్తు," అంది బెర్నార్దా. "పలక ఇటివ్వు."

దుప్పటి పక్కకు లాగి, పలక చివరను రేడియేటర్ కింద పెట్టి, సుత్తిని పలక కింద ఆనుగా దూర్చి, ఇద్దరిలో బరువైన బెర్నార్దా రెండో చివర మీద వాలింది. ఇనుము మూలుగుతూ లేచింది. ఇదలీనా ఏప్రన్ మడతతో వేడి ఇనుమును పట్టుకుని కాళ్ళ కింద చెక్కలు దోపింది. పలక తీశారు. లోపల నీరు గొంతులోంచి దిగినట్టు గుటగుటమంటూ వాల్వ్ వైపు జారిపోయింది. ఇద్దరూ అక్కడే మోకాళ్ళ మీద ఉండిపోయి చాలాసేపు విన్నారు. ఆవిరి సన్నగా ఈల వేసింది. ఇంకేమీ మోగలేదు.

బెర్నార్దా లేచి, మోకాళ్ళకంటిన దుమ్ము దులుపుకుంది. "దుప్పటికి మేకులు కొట్టకు, చిరుగుతుంది. సూదులు పంపిస్తాను," అంది. ఇదలీనా మొహం వంక చూడలేదు. వెళ్ళిపోయింది.

ఏడింటికి ముందే కింద చెక్కలు దోపుతున్నట్టు మొద్దుగా కొట్టిన చప్పుడు, ఎర్మీనియో గొణుగుడు వినిపించాయి. ఆ తరవాత ప్రార్థన మొదలై, ఒక్క అపశ్రుతి లేకుండా పూర్తయింది. ఇదలీనా సందు దగ్గర మోకరించి వింటోంది. కుర్చీలు జరిగాయి.

"ఇవాళ చప్పుడే లేదే!" అంది కింద ఫిలొమెనా.

ఇదలీనా సందుకు చెవి ఆనించింది.

"పైకి వెళ్ళి మాట్లాడొచ్చాను," అంది బెర్నార్దా గొంతు.

"చూశావా! నేను మొదటిరోజే చెప్పాను, వదినా. గట్టిగా అడిగేవాళ్ళు లేకే. మరి రేపు మా ఆయనకేం చెప్పను?"

"కిరీటం పైకే వెళుతుంది. చీటీ వచ్చింది కదా, వెళ్ళనీ."

"నీది పెద్ద మనసు."

కింద కుర్చీలు గోడకు సర్దుతున్న చప్పుడు వచ్చింది.

ఇదలీనా లేచి వంటగదిలోకి వెళ్ళి సొరుగులోంచి పెద్ద చెంచా తీసింది. ఇప్పుడు నిజంగా కొట్టాలనిపించింది. ఈ వీధి చివరిదాకా వినబడేలా, ఇంతవరకు తాను కొట్టని దెబ్బలన్నీ ఒకేసారి. చెంచా పట్టుకుని పైపు ముందు నిలబడింది. కొడితే కిరీటం రాదు. ఊరుకుంటే వస్తుంది, దొంగను క్షమించి ఇచ్చిన భిక్షలా వస్తుంది. పైపు వేడి చెంచా మీదుగా వేళ్ళకు పాకింది. ఆమె చెంచాను సొరుగులో పెట్టేసింది.

శనివారం ఎర్మీనియో సూదుల డబ్బా తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి, తలెత్తకుండా వెళ్ళిపోయాడు.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక కిరీటం మెట్లెక్కింది. ముందు ఎర్ర జెండా, వెనక పాట. నల్ల లేసు రుమాలు కప్పుకున్న బెర్నార్దా వెండి పళ్ళెంలో కిరీటాన్ని మోసుకొచ్చింది. వెనక వచ్చిన ఆడవాళ్ళు గదంతా కళ్ళతో వెతికారు. ఒకామె సొరుగుల వంక చూసింది. ఇంకొకామె లూర్దెస్ దవడల వంక చూసి, ఇప్పుడు బాగానే ఉందే అంది. ఇదలీనా రెండు చేతులూ ముందు కట్టుకుని నిలబడింది. ఆ చేతులనే అందరూ చూస్తున్నారని ఆమెకు తెలుసు.

బెర్నార్దా పళ్ళేన్ని పీఠం మీద పెట్టింది. కిరీటం వాల్వ్ వైపుకు ఒరిగింది. దాని మీది వెండి పావురం ఎవరి మాటో చెవి ఒగ్గి వింటున్నట్టు ఉంది.

"అయ్యో, వంకరగా ఉందేంటి?" అంది ఫిలొమెనా. దుప్పటి అంచు ఎత్తి వంగి చూసింది. "ఇదిగో, చెక్కలు పెట్టారు. ఆపాటి శ్రద్ధ లేకపోతే ఎలా? ఉండు, తీసేస్తా." బూటు మడమతో చెక్కను తన్నడానికి కాలెత్తింది.

"ముట్టుకోవద్దు!"

అరిచింది బెర్నార్దా. జెండా పట్టుకున్న ముసలాయన కూడా ఇటు తిరిగాడు. ఫిలొమెనా కాలు గాలిలోనే ఉంది.

"ఏంటి, వదినా?"

బెర్నార్దా పెదాలు తడుపుకుంది. గుమ్మంలో ఉన్న భర్త వంక చూసింది. ఎర్మీనియో టోపీ చేతుల్లో తిప్పుతున్నాడు.

"మా ఇంట్లో తీశాం," అంది. "పీఠం చదునుగా ఉండాలని మేమే తీశాం. వారమంతా మోగింది అదే. ఈ అమ్మాయి కాదు."

గదిలో ఉన్నవాళ్ళు ఒక్కొక్క రోజునూ వెనక్కి తిప్పుకుంటున్నట్టు ఇదలీనాకు అనిపించింది. సోమవారం, మంగళవారం, చేతిలో చెప్పులు, తొట్టి దగ్గరి మాట. ఫిలొమెనా కాలు నెమ్మదిగా దించింది.

బెర్నార్దా తల మీది నల్ల లేసు రుమాలు తీసింది. నెరిసిన జుట్టు చర్చి బట్టల మీద పలుచగా పడింది. రుమాలును నాలుగు మడతలు పెట్టి, పలక ఒరిగిన చివర కింద, రేడియేటర్‌కూ పలకకూ మధ్య దూర్చింది. సరిపోలేదు. మళ్ళీ తీసి ఇంకో మడత పెట్టి దూర్చింది. కిరీటం నిటారుగా లేచింది. కింద రేడియేటర్ ఎటు వాలిందో అటే ఉంది.

"ఊఁ, మొదలుపెట్టు," అంది బెర్నార్దా, ఇదలీనా వైపు చూడకుండా పక్కన మోకరిస్తూ. "ఇది నీ ఇల్లు."

ఇదలీనా జపమాల తీసింది. ఆమె చెబుతుంటే వెనక అందరూ పలికారు. రేడియేటర్ సన్నగా ఈల వేసి, దాని నీరు అది దించుకుంది.